చిన్నకారు సముద్ర చేపలవేటలో స్త్రీలు: ఖరగ్‌పూర్ పరిసర తీరం, తెలుగు తీరం

చిన్నకారు సముద్ర చేపలవేట అంటే కుటుంబ శ్రమతోనో కొద్దిమంది వాటాదారులతోనో, తెప్పలూ నాటుపడవలూ చిన్న ఇంజను బిగించిన నావలూ వాడుకొని, తీరానికి దగ్గరగా, సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తిరిగివచ్చేలా సాగే వేట. వాడుకలో ఉన్న ఈ నిర్వచనం పడవ దగ్గర మొదలై పడవ దగ్గరే ముగుస్తుంది. ఒడ్డుకు చేరిన చేపను ఏరి, కడిగి, ఉప్పు పట్టించి, ఎండబెట్టి, మోసుకెళ్ళి, అమ్మి, ఆ డబ్బులోంచి ఇల్లు గడిపి, మిగిలినదానితో మరునాటి వేటకు పెట్టుబడి సమకూర్చే పని ఆ నిర్వచనంలో కనిపించదు. ఆ పనిలో పెద్ద భాగం స్త్రీలది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, డ్యూక్ విశ్వవిద్యాలయం, వరల్డ్‌ఫిష్ సంస్థ కలిసి 2023లో వెలువరించిన అధ్యయనం ప్రపంచంలోని చేపల పట్టుబడిలో కనీసం 40 శాతం చిన్నకారు వేట నుంచే వస్తున్నదనీ, ఆ రంగంలో పాలుపంచుకునే ప్రతి పదిమందిలో నలుగురు స్త్రీలేననీ లెక్క తేల్చింది.

సుస్థిర మత్స్య నిర్వహణ అనే మాటకు అర్థం, సముద్రంలోని చేపల నిల్వ తిరిగి పెరిగే వేగాన్ని మించకుండా పట్టుబడిని అదుపులో ఉంచడం. అందుకు వేట కాలాన్ని, వేట జరిగే చోటును, వల కన్ను కొలతను, పడవల సంఖ్యను నియంత్రిస్తారు. ఈ నియమాలన్నీ పడవను ఉద్దేశించినవే అయినా వాటి ఫలితం ముందుగా ఒడ్డున తెలుస్తుంది. ఏ చేప ఎప్పుడు తగ్గింది, పిల్లచేప ఎంత వస్తోంది, ఏది ఏ ధరకు పోతోంది అన్న సంగతులు రోజూ చేతితో ఏరే స్త్రీకి తెలిసినంతగా నౌకాశ్రయ కార్యాలయానికి తెలియవు. తూర్పు తీరంలో మత్స్య నిర్వహణకున్న ప్రధానమైన లోపం ఈ ఒడ్డు పనిని లెక్కలోకి తీసుకోకపోవడమే.

ఖరగ్‌పూర్ స్థానం

ఖరగ్‌పూర్‌కు సముద్రం లేదు. పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని ఈ రైల్వే పట్టణం నుంచి దీఘా తీరానికి దాదాపు వంద కిలోమీటర్ల దూరం ఉంటుంది. అవిభక్త మేదినీపూర్ జిల్లాను 2002 జనవరి 1న రెండుగా విడదీసినప్పుడు తీరమంతా పూర్వ మేదినీపూర్ వాటాకు పోయింది. అయినా తూర్పు తీరపు చేపల కథలో ఈ ఊరికి స్థానం ఉండడానికి రెండు కారణాలున్నాయి.

మొదటిది రైలుమార్గం. బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్‌ను కూడలిగా, పెద్ద కర్మాగార కేంద్రంగా ఎంచుకొని 1900లో హౌరాతో కలిపింది. విశాఖపట్నం వైపు వాల్తేరు నుంచి కటకం దాకా ఉన్న తీరపు మార్గం కూడా 1902 నాటికి అదే కంపెనీ చేతికి వచ్చింది. దానితో గంజాం, శ్రీకాకుళం తీరాల్లో దిగిన చేపకు ఐసు పెట్టెల్లో కలకత్తా చేరే దారి ఏర్పడింది. గంప నెత్తిన పెట్టుకొని ఒక పూటలో నడిచి వెళ్ళగలిగినంత దూరమే అంతవరకూ చేపకు బజారు. రైలు ఆ హద్దును చెరిపింది. ఆ మేలు ఎక్కువగా ఐసు కొని, వాగను పట్టి, హౌరా ఆడత్తులో, అంటే కమీషను టోకు బజారులో, పరిచయమున్న వ్యాపారికి దక్కింది.

రెండవది జనం. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి రైల్వే పనికి వచ్చి స్థిరపడిన తెలుగువారు ఖరగ్‌పూర్‌లో పెద్ద సంఖ్యలో ఉన్నారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు రాష్ట్ర అధికార భాషల్లో చోటివ్వాలని నిర్ణయించడానికి ఈ పట్టణపు తెలుగు జనాభాయే ముఖ్య ఆధారం. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికోద్యమం, వి.వి.గిరి నాయకత్వం, 1927 నాటి ఖరగ్‌పూర్ సమ్మె చరిత్ర పుస్తకాలకెక్కాయి. కర్మాగారంలో చేరిన ప్రతి కూలీ పేరూ హాజరు పట్టీలో ఉంది. అదే జిల్లాల తీరంలో అదే కాలంలో చేపల గంపతో ఊరూరూ తిరిగిన స్త్రీ పేరు ఏ పట్టీలోనూ లేదు. పరిశ్రమ కార్మికుడికీ ఒడ్డు కార్మికురాలికీ మధ్య ఉన్న ఈ తేడా తరువాతి కాలంలో వచ్చిన మత్స్య చట్టాలన్నిటిలోనూ కొనసాగింది.

మేదినీపూర్ తీరం: ఖోటీలు

ఖరగ్‌పూర్‌కు దగ్గరలో ఉన్న తీరం దీఘా, శంకర్‌పూర్, మందార్‌మణి, జున్‌పుట్, పెటువాఘాట్‌ల మీదుగా రసూల్‌పూర్ నది ముఖం వైపు సాగుతుంది. శంకర్‌పూర్, పెటువాఘాట్ మర పడవల రేవులు కాగా, వీటి మధ్యనున్న ఇసుక మేటల మీద ఖోటీలనే తాత్కాలిక వేట స్థావరాలు ఏర్పడతాయి. వర్షాలు తగ్గిన అక్టోబరు ప్రాంతంలో గుడిసెలు వేసుకొని, ఫిబ్రవరి మార్చి నెలల దాకా అక్కడే ఉండి, పట్టిన చేపను అక్కడే ఎండబెట్టి అమ్మడం ఖోటీ పద్ధతి. ఇక్కడ ముఖ్యమైన వల బెహుందీ. ఆటుపోట్ల ప్రవాహానికి అభిముఖంగా గుంజలకు కట్టి నిలిపే సంచి ఆకారపు వల ఇది. ప్రవాహమే చేపను సంచిలోకి తోస్తుంది గనుక ఇంధనం పెద్దగా అక్కర్లేదు. కాని సంచి కొస కన్ను చాలా చిన్నది కావడంతో పెద్దచేపతో పాటు పిల్లచేపా రొయ్యపొట్టూ అన్నీ కలిసి వస్తాయి.

ఆ కలగలుపు రాశి ఒడ్డున పడ్డ క్షణం నుంచి స్త్రీల పని మొదలవుతుంది. రకాల వారీగా ఏరడం, బెంగాలీలు లొటే అనే నీటిపాలు ఎక్కువగల మెత్తని చేపను జతలుగా దవడలకు దవడలు తగిలించి వెదురు దండేల మీద ఆరవేయడం, సావడాయిలను పొడవునా వేలాడదీయడం, చిన్నచేపనూ రొయ్యనూ ఇసుక మీదో వలగుడ్డ మీదో పరచి గంటగంటకూ తిరగవేయడం, మంచు పడకముందే ఎత్తి కప్పడం ఇందులోని దశలు. ఏరుడు పనికి నైపుణ్యం కావాలి. ఒకే బుట్టలోంచి మనుషులు తినే మేలురకం, ఈశాన్య రాష్ట్రాలకు పోయే శుట్కీ (ఎండుచేప) రకం, కోళ్ళ దాణాకూ చేపల దాణాకూ పోయే నాసిరకం వేరుపడతాయి. వాటి ధరల మధ్య వ్యత్యాసం చాలా పెద్దది కాబట్టి ఖోటీ ఆదాయం ఏరే చేతుల మీద ఆధారపడుతుంది. ఈ పనిలో ఉన్నవారిలో పడవ వాటాదారుల ఇంటి ఆడవాళ్ళూ ఉన్నారు, రోజు కూలీకి వచ్చే చుట్టుపక్కల గ్రామాల పేద స్త్రీలూ ఉన్నారు. మొదటివారికి వాటాలో భాగం ఉన్నట్టే లెక్క గనుక విడిగా కూలీ ఉండదు, రెండవవారికి కూలీ తప్ప వాటా ఉండదు. ఇద్దరి పనీ ఒకటే.

ఖోటీకి పెట్టుబడి దాదన్ రూపంలో వస్తుంది. ఆడత్‌దారు సీజను ముందు వలకూ పడవకూ అప్పు ఇచ్చి, బదులుగా సరుకంతా తనకే, తాను చెప్పిన ధరకే అమ్మాలని కట్టడి చేస్తాడు. దాదన్ పుచ్చుకునేది మగవాడు. దాన్ని తీర్చేది ఆడవాళ్ళ చేతి మీద ఎండిన చేప. ఈ కట్టడి ఉన్నంతకాలం పిల్లచేపను వదిలిపెట్టమని చెప్పడం కష్టం, ఎందుకంటే అప్పు కిలోల్లో తీరుతుంది, దాణాకు పోయే నాసిరకం కూడా కిలోల్లోకే వస్తుంది. ఇలా వల కన్ను కొలతకూ అప్పు షరతుకూ నేరుగా సంబంధం ఉండగా, 1993 నాటి పశ్చిమ బెంగాల్ సముద్ర మత్స్యవేట నియంత్రణ చట్టం వల గురించి మాట్లాడుతుంది, అప్పు గురించి మాట్లాడదు.

తెలుగు తీరం: ఒడ్డున మారే చేతులు

బెంగాల్‌లో ఆడత్తు బజారు మగవాళ్ళది. తెలుగు తీరంలో, ముఖ్యంగా వాడబలిజ, జాలారి కులాల వారున్న శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల్లో, సంప్రదాయం వేరు. ఇక్కడ తెప్ప ఒడ్డుకు తగిలిన తరువాత చేప మీద పెత్తనం ఇంటి ఇల్లాలిది. తినడానికి ఎంత ఉంచాలి, పచ్చిదిగా ఎంత అమ్మాలి, ఎంత ఉప్పులో వేయాలి, ఎవరికి అరువివ్వాలి అన్నవన్నీ ఆమె నిర్ణయాలు. మగవాడి చేతికి ఖర్చులకు డబ్బు ఆమె దగ్గర్నుంచే రావాలి. విశాఖ జాలారిపేటల మీద పరిశోధన చేసిన మానవశాస్త్రజ్ఞులు ఈ కుటుంబ ఆర్థికాన్ని ప్రత్యేకంగా గమనించారు. ఒడిశాలో పూరీ దగ్గర పెంటకట వంటి చోట్ల స్థిరపడి, అక్కడ నోలియాలుగా పేరుపడిన తెలుగు మత్స్యకారులు ఈ పద్ధతిని వెంట తీసుకుపోయారు. ఆ పేటల్లో సంపాదన చేతికొచ్చిన స్త్రీకి ఇంట్లో మాట చెల్లుతుంది. కులపెద్దల సభలో మాత్రం చెల్లదు.

ఈ పెత్తనాన్ని గత ఆరు దశాబ్దాల మార్పులు ఒక్కొక్కటిగా కోసివేశాయి. నూలు వలల కాలంలో దారం వడకడం, వల అల్లడం ఇంటిపని. 1960ల తరువాత యంత్రంతో అల్లిన నైలాను వల వచ్చి ఆ పనిని మాయం చేసింది. వల ఎక్కువ కాలం మన్నడం, పట్టుబడి పెరగడం నిజమే అయినా, వల కొనడానికి రొక్కం కావలసివచ్చి అప్పు కూడా దానితోనే వచ్చింది. తరువాతి మార్పు రేవు. పల్లె ముందున్న ఇసుకలో తెప్పలు దిగే చోట అమ్మకం పల్లె ఆడవాళ్ళ చేతిలో ఉండేది. విశాఖ, కాకినాడ వంటి చోట్ల పెద్ద ఫిషింగ్ హార్బర్లు ఏర్పడి పట్టుబడి అంతా ఒకచోట దిగడం మొదలయ్యాక, తెల్లవారుజామునే అక్కడికి చేరి వేలంలో పాడగలిగినవాళ్ళకే చేప దొరుకుతోంది. టోకుగా పెట్టెలు పాడే ఎగుమతి ఏజెంటు ముందు రెండు గంపలు కొనే స్త్రీ నిలవలేదు. నలుగురైదుగురు కలిసి ఒక పెట్టె పాడుకొని పంచుకోవడం అప్పుడే అలవాటయింది. ఆపైన మోటారు సైకిలు వచ్చింది. వెనక ఐసు పెట్టె కట్టుకొని ముప్ఫై నలభై ఊళ్ళు చుట్టివచ్చే మగ వ్యాపారితో కాలినడకన పోయే గంప పోటీపడాలి, బస్సెక్కుదామంటే నీచు వాసనని కండక్టరు దింపేస్తాడు. కేరళ ప్రభుత్వ రవాణా సంస్థ 2021లో తిరువనంతపురంలో చేపలమ్మే స్త్రీలకోసమే సముద్ర అనే పేరుతో బస్సులు నడిపింది. తూర్పు తీరంలో అటువంటి ఏర్పాటు రాష్ట్రస్థాయిలో జరగలేదు.

ఎండుచేప సంగతి మరీ ముఖ్యం. కవళ్ళు, మెత్తళ్ళు, కానాగంతలు, సావడాయిలు గుట్టలుగా పడే రోజుల్లో పచ్చి ధర పడిపోతుంది. ఉప్పూ ఎండా తెలిసిన స్త్రీ ఆ సరుకును నెలల తరబడి నిలవ ఉండే వస్తువుగా మార్చి, మన్యం సంతలదాకా పంపి, వేటలేని నెలల్లో అమ్ముకునేది. అంటే ఎండబెట్టడం పల్లెకు ధాన్యపు గాదె వంటిది. చేపలపొడి కర్మాగారాలు ఇదే చిన్నచేపను లారీల లెక్కన కొనడం మొదలుపెట్టాక గాదె ఖాళీ అయింది. ఆ పొడి రొయ్యల చెరువుల మేతలోకి పోతుంది, రొయ్య విదేశాలకు పోతుంది, పేదవాడి ఇంట వంకాయతో కలిపి వండుకునే ఎండుచేప ధర పెరుగుతుంది. చిన్నచేప సముద్రంలోని పెద్దచేపకు ఆహారం కూడా. ఎంత పట్టినా కొనే కర్మాగారం ఉన్నప్పుడు పట్టుబడికి హద్దు ఉండదు. ఎండబెట్టే స్త్రీ కొనుగోలుకు ఆమె ఉప్పూ ఇసుకా ఎండా హద్దుగా ఉండేవి. ఈ దృష్టితో చూస్తే ఒడ్డున జరిగే చిన్న వ్యాపారం దానంతటదే ఒక నియంత్రణ. దానిని తొలగించి, ఆ తరువాత సముద్రంలో నిల్వలు తగ్గుతున్నాయని బాధపడడం తూర్పు తీరపు విధానాలలోని వైరుధ్యం.

రొయ్యపిల్లల సేకరణ

మత్స్యకార స్త్రీలను ప్రకృతి సంరక్షకులుగా మాత్రమే చిత్రించే రచనలు రొయ్యపిల్లల సేకరణ దగ్గర తడబడతాయి. 1980లలో టైగర్ రొయ్యకు విదేశీ గిరాకీ పెరిగి, చెరువుల్లో పెంచడానికి పిల్ల అవసరమైనప్పుడు, దానిని నదీముఖాల నుంచి పట్టి ఇచ్చినవాళ్ళలో అత్యధికులు స్త్రీలూ పిల్లలూ. సుందరవనాల నుంచి మేదినీపూర్ తీరందాకా, ఇటు గోదావరి ముఖద్వారాల వద్దా, మొలలోతు నీటిలో సన్నకన్ను వలను గంటల తరబడి లాగి, తెచ్చినదాన్ని పళ్ళెంలో పోసి, వెంట్రుకంత సన్నగా ఉండే టైగర్ పిల్లలను ఒక్కొక్కటే ఏరి, మిగిలినదంతా ఒడ్డున పారబోసేవారు. ఆ మిగిలినదానిలో ఇతర రొయ్యల పిల్లలూ చేపపిల్లలూ పీతపిల్లలూ లెక్కకు మించి ఉండేవి. ఒక్క టైగర్ పిల్ల కోసం ఎన్నో రెట్ల జీవాలు చనిపోయేవి. పనిచేసేవారికి ఉప్పునీటి పుండ్లూ స్త్రీ సంబంధ వ్యాధులూ వచ్చేవి, సుందరవనాల్లో మొసలి భయం ఉండేది. అయినా భూమీ పడవా లేని ఇంట ఆడదాని చేతికి రోజూ రొక్కం అందించిన పని అదొక్కటే.

దీని మీద నిషేధాలు వచ్చాయి, అమలు కాలేదు. పని తగ్గడానికి కారణాలు వేరు. తీర ప్రాంతంలోని రొయ్యల చెరువులపై సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న ఇచ్చిన తీర్పు, హేచరీల విస్తరణ, చివరికి 2009 తరువాత విదేశాల నుంచి తెచ్చిన రోగరహిత తల్లి రొయ్యలతో వనామి పెంపకం పుంజుకోవడం వల్ల, సముద్రపు పిల్లకు గిరాకీ పడిపోయింది. నదీముఖాలకు అది మేలు చేసింది. ఆ స్త్రీలు ఏమయ్యారన్నది మాత్రం ఏ పథకమూ విచారించలేదు. కొందరు రొయ్యల శుద్ధి కర్మాగారాల్లో తలలు తీసే, పొట్టు వలిచే చలి గదుల పనికి చేరారు. వెతికి చూస్తే ఇందులో ఒక పాఠం దొరుకుతుంది. విధ్వంసకరమైన వేటలో అడుగున ఉన్న చేతులను శిక్షించడం సులువు, ఆ వేటను నడిపించే గిరాకీని మళ్ళించడం కష్టం. పనిచేసింది మాత్రం రెండవదే.

నియమాలు, పరిహారాలు

బంగాళాఖాతంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేట నిషేధం. 2015కు ముందు ఇది 47 రోజులే. చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని కాపాడడం దీని ఉద్దేశం. వేట లేని రోజులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నుంచి మత్స్యకార భరోసా కింద 10,000 రూపాయలు ఇచ్చి, 2025లో దానిని 20,000 చేసింది. పశ్చిమ బెంగాల్ 2024లో సముద్రసాథీ పేరుతో నెలకు 5,000 రూపాయల చొప్పున రెండు నెలలు ఇచ్చే పథకం ప్రకటించింది. రెండింటికీ అర్హత వేటకు వెళ్ళే మత్స్యకారుడిగా నమోదు కావడం. పడవ ఆగినప్పుడు ఏరుడూ ఎండబెట్టడమూ అమ్మకమూ కూడా ఆగిపోతాయన్నది ఎవరికైనా తెలిసేదే అయినా, వాటికి పరిహారం లేదు. భర్తకు వచ్చే సొమ్ము ఇంటికే వస్తుందని సమాధానం చెబుతారు. వితంతువూ, కూలీకి ఏరే స్త్రీయూ, కొని అమ్ముకునే చిన్న వ్యాపారీ ఆ సమాధానంలో ఇమడరు.

ఒడిశాలో నిషేధం ఇంకా పొడుగు. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుంపులుగా గుడ్లు పెట్టే ధామ్రా, దేవి, ఋషికుల్య నదుల ముఖద్వారాల వద్ద నవంబరు 1 నుంచి మే 31 దాకా ఏడు నెలలు తీరానికి 20 కిలోమీటర్ల లోపు వేట కూడదు. ఇదే తీరంలోని గహీర్‌మఠా 1997లో సముద్ర అభయారణ్యం అయింది. తాబేలును చంపేది ప్రధానంగా ట్రాలు వల. కాని పహారా పడవకు ముందుగా చిక్కేది దగ్గరలో ఉన్న నాటుపడవే.

స్థానిక కట్టుబాట్లు ప్రభుత్వ చట్టాలకంటే పాతవి. పులికాట్ సరస్సులో పాడు పద్ధతి ప్రకారం వేటచోట్లను వంతులవారీగా పంచుకుంటారు. ఒక్కరే మంచిచోటును ఆక్రమించకుండా, అందరూ ఒకేసారి వల వేయకుండా ఇది కాపాడుతుంది. సుస్థిర నిర్వహణకు దేశీయ నమూనాగా పండితులు దీన్ని తరచు ఉదాహరిస్తారు. అయితే ఆ హక్కు కులంలోని వివాహితుడైన పురుషుడిది. స్త్రీకి పాడు లేదు, సరస్సు అంచుల్లో చేతులతో తడిమి రొయ్యలు పట్టే యానాది కుటుంబాలకు అసలే లేదు. సంప్రదాయాన్ని మెచ్చుకునేటప్పుడు ఈ సంగతిని విడిచిపెట్టడం న్యాయం కాదు. కోరంగి మడ అడవుల్లో 1990ల చివర ఏర్పడిన గ్రామ సమితులలో స్త్రీలను సభ్యులుగా చేర్చారు. పీతలూ గుల్లలూ ఏరేది, వంటచెరకు తెచ్చేది వాళ్ళే గనుక మడచెట్ల సంరక్షణ వాళ్ళు లేకుండా జరగదని అక్కడ తొందరగానే అర్థమైంది.

గంజాం ఉదాహరణ: సముద్రం సమాఖ్య

ఖరగ్‌పూర్ నుంచి విశాఖకు పోయే రైలు దాటే గంజాం జిల్లా తీరంలో తెలుగు, ఒడియా మాట్లాడే మత్స్యకార పల్లెలు పక్కపక్కనే ఉంటాయి. అక్కడి స్త్రీల పొదుపు సంఘాలు యునైటెడ్ ఆర్టిస్ట్స్ అసోసియేషన్ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో 1990లలో సముద్రం అనే సమాఖ్యగా కూడాయి. మొదటి లక్ష్యం వడ్డీవ్యాపారి నుంచి బయటపడడం. అందరి ఎండుచేపనూ ఒకచోట చేర్చి టోకుగా అమ్మడం, శుభ్రంగా ఎత్తు దండేల మీద ఎండబెట్టి మేలురకం ధర రాబట్టడం ద్వారా అది కొంతవరకు సాధ్యమైంది. సారా వ్యతిరేక పోరాటం దానితోపాటే సాగింది.

సంరక్షణ పని ఆ తరువాత వచ్చింది. ఋషికుల్య ముఖద్వారం వద్ద తాబేళ్ళ సామూహిక గుడ్లరేవును శాస్త్రవేత్తలు 1994లో గుర్తించారు. పురుణబంధ తదితర పల్లెల యువకులు గూళ్ళకు కాపలా ఉండగా, సమాఖ్య స్త్రీలు తీరాన్ని శుభ్రం చేయడం, చేపలు చేరి పెరిగేందుకు సముద్రగర్భంలో కృత్రిమ దిబ్బలు వేయించడం వంటి పనులు చేపట్టారు. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 2010లో ఈ సమాఖ్యకు ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. ఇక్కడ గమనించవలసింది వరుసక్రమం. ముందు అప్పు నుంచి విముక్తి, తరువాత ధర మీద పట్టు, ఆ తరువాతే తాబేలు. ఈ వరుసను తలకిందులు చేసి ముందుగా తాబేలు గురించి ఉపన్యసించిన కార్యక్రమాలు పల్లెల్లో నిలవలేదు.

ఇసుక కోసం పోరాటం

ఎండబెట్టడానికి కావలసింది ఖాళీ ఇసుక. అది ఎవరి పట్టాలోనూ ఉండదు, ప్రభుత్వ పోరంబోకో అటవీ శాఖ భూమో అయి ఉంటుంది. అందుకే తీరం మీద ఏ ప్రాజెక్టు వచ్చినా ముందుగా పోయేది స్త్రీల పనిచోటు. జున్‌పుట్ దగ్గర హరిపూర్‌లో అణువిద్యుత్ కేంద్రం కట్టాలని 2006లో ప్రతిపాదన రాగా, రైతులతో కలిసి ఖోటీ మత్స్యకారులు స్త్రీలతో సహా ఎదురు నిలిచారు. 2011లో కొత్త రాష్ట్ర ప్రభుత్వం ఆ ప్రతిపాదనను వదులుకుంది. దక్షిణబంగ మత్స్యజీవి ఫోరం ఈ పోరాటంలోనూ, తరువాత ఖోటీ భూమి హక్కుల కోసమూ పనిచేసింది. మందార్‌మణిలో మాత్రం ఇసుక మీద హోటళ్ళు లేచాయి. తీరప్రాంత నియంత్రణ నిబంధనలను అవి ఉల్లంఘించాయని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2022లో కూల్చివేతకు ఆదేశించినా, 2024లో జిల్లా యంత్రాంగం నోటీసులిచ్చినప్పుడు రాష్ట్ర ప్రభుత్వమే అడ్డుపడింది. అణుకేంద్రాన్ని ఆపగలిగిన తీరం హోటలును ఆపలేకపోయింది, ఎందుకంటే హోటలు ఒక్కొక్కటిగా వస్తుంది.

అంతర్జాతీయంగా 2014లో ఆహార వ్యవసాయ సంస్థ ఆమోదించిన చిన్నకారు మత్స్యరంగ స్వచ్ఛంద మార్గదర్శకాలు, పట్టుబడి తరువాతి పనిని కూడా మత్స్యరంగంలో భాగంగానే గుర్తించి, స్త్రీలకు ఈ పనిచోటు మీద హక్కు ఉండాలని చెప్పాయి. ఆ మార్గదర్శకాల రూపకల్పనలో చెన్నై కేంద్రంగా గల అంతర్జాతీయ మత్స్యకార్మిక మద్దతు సంస్థ కార్యదర్శి చంద్రికా శర్మ కృషి పెద్దది. వాటి ఆమోదానికి కొద్ది నెలల ముందు, 2014 మార్చిలో అదృశ్యమైన మలేసియా విమానంలో ఆమె ఉన్నారు. భారతదేశంలో ఆ మార్గదర్శకాలు ఇప్పటికీ స్వచ్ఛందమే, చట్టం కాలేదు.

బజారు, లెక్క

చేప చివరికి చేరే చోటు బజారు. హౌరా టోకు బజారుకు ఆంధ్ర చెరువుల బొచ్చె, శీలావతులను మోసుకుపోయే లారీలు ఖరగ్‌పూర్ పక్కనుంచే వెళతాయి. ఖరగ్‌పూర్ బజార్లకు దీఘా వైపు నుంచి సముద్రపు చేపా వస్తుంది. ఇలిష్ (పులస) చేప విషయంలో పశ్చిమ బెంగాల్ 23 సెంటీమీటర్ల కంటే చిన్నదానిని పట్టడం, అమ్మడం రెండింటినీ నిషేధించింది. అమ్మకం మీద నియమం పెట్టినప్పుడు అమ్మేవారిని నిర్వహణలో భాగస్వాములుగా చేయాలి. జరిగింది తనిఖీ మాత్రమే, అదీ అప్పుడప్పుడు.

వీధి వర్తకుల రక్షణకు 2014లో వచ్చిన కేంద్ర చట్టం, చేపలమ్మే స్త్రీకి గుర్తింపు పత్రం, చోటు మీద హామీ, పట్టణ వర్తక సంఘంలో ప్రాతినిధ్యం కల్పించింది. ఆ సంఘంలోని వర్తక ప్రతినిధుల్లో మూడోవంతు స్త్రీలుండాలి. కాని అదే చట్టం మొదటి సెక్షనులోనే రైల్వే యాజమాన్యంలోని భూమికీ ఆవరణలకూ రైళ్ళకూ తాను వర్తించనని చెబుతుంది. గోల్ బజార్‌తో సహా పట్టణంలో పెద్ద భాగం రైల్వే స్థలమైన ఖరగ్‌పూర్‌కు ఈ మినహాయింపు ఎంత పెద్దదో వేరుగా చెప్పనక్కరలేదు. మునిసిపాలిటీ స్థలంలో కూర్చున్న చేపల వర్తకురాలికి ఉన్న హక్కు రోడ్డు దాటి రైల్వే స్థలంలో కూర్చున్నామెకు లేదు.

కేంద్రం 2020లో మొదలుపెట్టిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో సాధారణ లబ్ధిదారుకు 40 శాతం, స్త్రీలకూ షెడ్యూల్డు కులాలకూ తెగలకూ 60 శాతం రాయితీ ఉంది. ఐసు పెట్టె, శీతల వాహనం, ఎండబెట్టే యూనిట్ దీనికింద వస్తాయి. మిగిలిన 40 శాతం సొంతంగా పెట్టగలిగినవారికే ఇది అందుతుంది, స్త్రీ పేరుతో మగవాడు తీసుకునే వీలూ ఉంది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 2010లో జరిపిన గణన ఆంధ్ర తీరంలో 555 మత్స్యకార గ్రామాలను, 6,05,428 మంది మత్స్యకార జనాభాను, పశ్చిమ బెంగాల్‌లో 188 గ్రామాలను, 3,80,138 మందిని నమోదు చేసింది. ఆ గణనలో వేట ఒక పట్టికలో ఉంటుంది; స్త్రీలు చేసే ఏరుడు, ఎండబెట్టడం, వల బాగు, అమ్మకం అన్నీ మరొక పట్టికలో అనుబంధ కార్యకలాపాల పేరుతో ఉంటాయి. పడవల నమోదు, గుర్తింపు కార్డు, నిషేధకాలపు భరోసా, ప్రమాద బీమా మొదటి పట్టికను అనుసరించి నిర్ణయమవుతున్నాయి. 2024 సెప్టెంబరులో మొదలైన జాతీయ మత్స్యరంగ డిజిటల్ వేదికలో వేటగాళ్ళతో పాటు చేపల వర్తకులకూ శుద్ధి పనివారికీ నమోదుకు వీలు కల్పించారు. ఖోటీలో కూలీకి ఏరే స్త్రీ, గంపతో తిరిగే స్త్రీ అందులో సొంత పేరుతో చేరి, నిషేధకాలపు పరిహారం ఆ నమోదును బట్టి చెల్లించేదాకా, తూర్పు తీరంలో మత్స్య నిర్వహణ సగం రంగాన్నే నిర్వహిస్తున్నట్టు లెక్క.